ఇల్లాలిని గుర్తించిన అంగడి

నేటి నా ప్రసంగము వర్తకమును గూర్చినది. "మేము సేద్యగాండ్రము, మాకు వర్తకముతో నేమి పని?" అని మీలో కొందరనుకొనవచ్చును. కాని నేడు పల్లెలో ఏ యింట చూచినను కుమారుడో, అల్లుడో, మనుమడో ఏదో యొక అంగడి పెట్టవలెనని తలపెట్టుచున్నాడు. ఒకడు బట్టల కొట్టు పెట్టెదననును. ఒకడు ఎరువులు, పురుగుమందులు అమ్మెదననును. ఇంకొకడు స్కూటర్ల మరమ్మతు దుకాణమనును. దానికి కావలసిన మూలధనము పెద్దల చేతిమీదుగా పోవలసినదే. పొలము తాకట్టు పెట్టునప్పుడు కాగితముపై వ్రాలు చేయవలసినవారు మీరే. కావున ఆ ధనము నిలుచునా, నీరైపోవునా అను విచారము మీది.

ఆ విచారమునకు పనికివచ్చు ఒక్క విషయమును మాత్రము మనవి చేయుదును. అంగడికి వచ్చు స్త్రీని ముఖ్యమైన ఖాతాదారుగా నెంచి, ఆమె అవసరమును విచారించి, ఆమెకు తగినట్లు సరుకును, ధరను, మర్యాదను అమర్చుకొన్న వర్తకుడు ఎక్కువ కాలము నిలుచును. ఆమెను చూచియు చూడనట్లుండువాడు తనకు తెలియకుండగనే నష్టపడును. ఇది స్త్రీలయందలి దయచే చెప్పు మాట కాదు. లెక్కలు చూచి చెప్పుమాట.

మొదట నా చిన్ననాటి సంగతి యొకటి చెప్పెదను. మా అక్క పెండ్లికి బట్టలు కొనుటకై మా తండ్రిగారును, అమ్మయు, నేనును పొరుగు పట్టణమునకు పోయితిమి. బజారులో అన్నింటికన్న పెద్ద దుకాణమున కెక్కితిమి. యజమాని మా నాయనగారికి కుర్చీ వేయించి, తాంబూలపు పళ్లెము ముందుంచి, ఎంతలో కావలెనని అడిగెను. అమ్మ ఒక చీర అంచును వ్రేళ్లతో పట్టి చూచుచు, "ఈ రంగు నిలుచునా?" అని ప్రశ్నించినది. అతడు ఆమె వంక చూడకయే, "అయ్యగారితో మాట్లాడుచున్నాము గదమ్మా, కొంచెము ఆగండి" అనెను. అమ్మ మారు పలుకలేదు. చీర మడచి యథాస్థానమున నుంచి, మెట్లు దిగి వీథిలో నిలుచున్నది. కొంతసేపటికి మా నాయనయు దిగివచ్చిరి.

ఎదుట సందులో చిన్న కొట్టొకటి యుండెను. అందులోని ముసలివాడు చాప పరపించి, మంచినీళ్లిప్పించి, అమ్మ యెదుటనే బట్టలు విప్పెను. అడుగకముందే ఒక దారపు పోగును తీసి, నీటిలో తడిపి, తెల్లగుడ్డపై రుద్ది, రంగు దిగలేదని చూపెను. ఒక చీరను మాత్రము ప్రక్కకు నెట్టి, "ఇది రెండు ఉతుకులకు వెలియును, మీకు వద్దు" అనెను. ఆ పెండ్లి బట్టలన్నియు అక్కడనే కొంటిమి. అటుపిమ్మట ముప్పది సంవత్సరముల పాటు మా యింట, మా పినతండ్రుల యిండ్ల, మేనత్తల యిండ్ల జరిగిన పెండ్లిండ్లకు, సీమంతములకు, బారసాలలకు బట్టలు ఆ సందులో నుండియే వచ్చినవి. అమ్మ యెవ్వరికిని ఆ పెద్ద దుకాణమును గూర్చి చెడ్డగా చెప్పినట్లు నేనెరుగను. ఎవరైన అడిగినప్పుడు సందులోని కొట్టు పేరు చెప్పెడిది, అంతియే. పెద్ద దుకాణదారునికి తాను పోగొట్టుకొన్నది ఒక చీర బేరమని తోచియుండును. నిజమునకు ముప్పది యేండ్ల బేరము ఆ దినమున అతని మెట్లు దిగిపోయినది.

ఇందులోని కిటుకును విచారింతము. ఇంటికి సరుకు వచ్చుటలో నాలుగు పనులు గలవు. అవసరమును కనిపెట్టుట మొదటిది. ఇది మంచిది, ఇది కాదని యెంచుట రెండవది. సొమ్ము చెల్లించుట మూడవది. వాడి చూచి మరల కొనవలెనో వలదో తీర్మానించుట నాలుగవది. మూడవ పని పురుషుడు చేయుటను చూచి, వర్తకుడు అతడే కొనుగోలుదారని భ్రమపడును. కాని పప్పు నిండుకొన్నదని తెలిసినది ఇల్లాలికి. సబ్బు నురుగు రాలేదని తెలిసినది ఆమెకు. పిల్లవాని చొక్కా మూడు నెలలకే చిరిగినదని తెలిసినది ఆమెకు. మూడవ పనికి ముందు రెండు పనులును, వెనుక ఒక పనియు ఆమె చేతిలో నున్నవి. సొమ్ము లెక్కపెట్టు చేతిని చూచి నమస్కరించి, సరుకు నెంచు కంటిని మరచుట తెలివి గాదు.

సొమ్ము చెల్లించుట సైతము ఎవరి చేతినుండి యన్నది చిన్న విషయము కాదు. ఇంగ్లండు మొదలుగాగల బ్రిటిషు సీమలో జరిగిన సంగతి దీనికి మంచి దృష్టాంతము. పిల్లల పోషణకై ప్రభుత్వము చేయు సహాయములో కొంతభాగము అచ్చట పూర్వము తండ్రి జీతముపై పన్ను తగ్గింపు రూపమున లభించుచుండెను. 1977 మొదలు 1979 లోపల ఆ పద్ధతిని క్రమముగా మార్చి, ఆ సొమ్మును తల్లి చేతికి నేరుగా నిచ్చు నేర్పాటు చేసిరి. కుటుంబము అదియే, సొమ్ము మారిన దెల్లను చేతిలోనే. తరువాత ఆర్థికశాస్త్రజ్ఞులు కుటుంబముల ఖర్చు పద్దులను తీసి చూడగా, మగవారి బట్టలపై నయిన ఖర్చుతో పోల్చినప్పుడు పిల్లల బట్టలపైనను, స్త్రీల బట్టలపైనను అయిన ఖర్చు పెరిగినట్లు తేలెను. ఒకే రూపాయి తండ్రి చేతిలో నున్నప్పుడు ఒక అంగడికి, తల్లి చేతిలో నున్నప్పుడు మరియొక అంగడికి పోవునన్నమాట. ఏ చేతికి సొమ్ము వచ్చుచున్నదో కనిపెట్టినవాడే రేపటి బేరమును కనిపెట్టినవాడు.

ఈ తెలివిని అందరికన్న ముందు పెద్దయెత్తున ప్రయోగించినవారు కుట్టుయంత్రపు సింగరు కంపెనీవారు. అమెరికాలో ఐజక్ సింగరు అను యంత్రకారుడును, ఎడ్వర్డు క్లార్కు అను న్యాయవాదియు కలిసి 1851లో ఈ వ్యాపారము నారంభించిరి. యంత్రము మంచిది. చేతితో పదునాలుగు గంటలు పట్టు మగవాని చొక్కాను దానిపై గంటంబావులో కుట్టవచ్చును. అయినను ఇండ్లలోనికి దానిని చేర్చుటకు రెండు చిక్కులు వచ్చెను. స్త్రీలకు యంత్రములు నడుపు నేర్పు లేదని లోకము నమ్ముచుండుట మొదటి చిక్కు. రెండవది ధర. యంత్రము వెల నూరు డాలర్లకు పైమాట. ఆ నాటి సామాన్య కుటుంబపు సంవత్సరాదాయము ఐదువందల డాలర్ల ప్రాంతము. ఇంటి ఆదాయములో అయిదవ వంతును భార్య సౌకర్యమునకై యే మగడు ఒక్కసారిగా తీసియిచ్చును?

మొదటి చిక్కునకు వారు వాదములతో జవాబు చెప్పలేదు. అలంకరించిన దుకాణములు తెరచి, అందరును చూచునట్లు పడుచు స్త్రీలచేత యంత్రమును నడిపించిరి. చూచిన స్త్రీ, "ఆమె చేయగలిగినది నేనేల చేయలేను?" అనుకొనెను. కర్మాగారపు ఇనుపముద్దవలె నున్న యంత్రమునకు ఇంటిలో నుంచదగిన రూపము నిచ్చి, నల్లని మైపూతపై బంగారు పూలు వ్రాయించిరి. రెండవ చిక్కునకు క్లార్కు 1856లో వాయిదాల పద్ధతిని ప్రవేశపెట్టెను. కొద్ది డాలర్లు ముందిచ్చి యంత్రమును తీసికొనిపోవచ్చును. తక్కినది నెలనెలకు కట్టవచ్చును. కుట్టుపని వలన మిగిలిన సొమ్మే వాయిదాలు తీర్చును. ఇరువది సంవత్సరములలో, అనగా 1876 నాటికి, ఆ కంపెనీ సంవత్సరమునకు రెండు లక్షలకు మించి యంత్రముల నమ్ముచుండెను. మన దేశమునకును ఆ యంత్రము పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగముననే వచ్చినది. యంత్రములను అంతగా మెచ్చని గాంధీ మహాత్ముడు సయితము 1924లో ఈ విషయమై మాట్లాడుచు, సింగరు కుట్టుయంత్రమును మినహాయించిరి. మగడు పోయిన పిమ్మట అరుగుమీద ఒక కుట్టుయంత్రము వేసికొని పిల్లలను చదివించుకొన్న తల్లులను మీ యూరిలోనే మీరు చూచియుందురు.

ఇచ్చట ఒక హెచ్చరిక. స్త్రీల కొరకు సరుకు చేయుట యనగా పాత సరుకునకు గులాబిరంగు పూయుట కాదు. 1955లో అమెరికాలో డాడ్జి అను మోటారు కంపెనీవారు స్త్రీల కొరకని "లా ఫెమ్" అను కారును చేసిరి. దానికి గులాబి, తెలుపు రంగులు వేసి, లోపల ఒక చేతిసంచి, పెదవులరంగు, గొడుగు, వానకోటు అమర్చిరి. యంత్రము, కుదురు, నడుపు విధానము మాత్రము పాతవే. రెండు సంవత్సరములు తిరుగకమునుపే ఆ కారు ఆగిపోయెను. స్త్రీలకు కారును నడుపుటలో ఏమి కష్టమున్నదో అడుగువారే లేకపోయిరి. తమకు తోచిన అలంకారమును ఆమె మెడలో వేసి, ఆమె సంతోషించవలెనని యెదురుచూచిరి.

దీనికి భిన్నమైన కథ మన దేశములోనే కలదు. 1970వ దశకములో వచ్చిన పాత స్కూటర్లను మీరెరుగుదురు. కాలితో తన్ని లేపవలెను. ఎడమచేతితో పిడిని మెలిపెట్టి గేర్లు మార్చవలెను. బండి బరువును తుంటితో కాచుకొనవలెను. ఇంటి మగవాడు నడుపుటయు, ఇల్లాలు వెనుక ఒక ప్రక్కగా కూర్చుండుటయు నాటి యాచారము. 1984లో కైనెటిక్ హోండా అను స్కూటరు బజారులోనికి వచ్చెను. దానికి గేర్లు మార్చు పని లేదు; మీట నొక్కిన యంత్రము కదలును. 1990వ దశకములో టీవీయస్ వారు స్కూటీ యను తేలికపాటి బండిని యువతులను ఉద్దేశించియే ప్రచారము చేసిరి. 2001లో హోండావారి యాక్టివా వచ్చెను. చీర కట్టుకొన్న ఉపాధ్యాయిని, కళాశాలకు పోవు బాలిక, ఆసుపత్రిలో పనిచేయు నర్సు ఈ బండ్ల నెక్కిరి.

తరువాత జరిగినది ఇంకను విచిత్రము. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, చేతిలో పట్టు తగ్గిన విశ్రాంతోద్యోగులు, తుదకు పాత స్కూటరును తన్ని తన్ని విసిగిన పడుచువాండ్రు కూడ ఈ బండ్లనే కోరిరి. యాక్టివా మన దేశమున అత్యధికముగా అమ్ముడుపోవు బండ్లలో నొకటియై కూర్చున్నది. నేను దీనినుండి నేర్చుకొన్న పాఠమిది: స్త్రీకి సుఖముగా నున్న వస్తువు ముసలివానికిని, పిల్లవానికిని, రోగికిని సుఖముగా నుండును. బలవంతుని కొలతకు చేసిన వస్తువు బలవంతునికి మాత్రమే పనికివచ్చును. ఆమె కష్టమును తీర్చిన వర్తకునికి ఇంటిల్లిపాదియు ఖాతాదారులగుదురు.

ఇక మన తెలుగు పల్లెలకు వచ్చెదను. నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీలో చాలమంది యెరుగుదురు. అక్షరాస్యతా ఉద్యమమున చదువు నేర్చుకొన్న స్త్రీలు 1992 ప్రాంతమున సారా అంగళ్లను మూయించుటకు పూనుకొనిరి. ఆ యుద్యమము జిల్లా దాటి రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీన సారా అమ్మకము నిషేధింపబడెను. దీనిని నీతికథగానే చెప్పుట పరిపాటి. వర్తకుని కన్నుతోను చూడుడు. ఒక కూలివాని దినవేతనములో సారా కొట్టునకు పోవుచుండిన భాగము ఇల్లాలి చేతిలో నిలిచిన దినమున అది ఎచ్చటికి పోయెను? కొంత పొదుపునకు, కొంత బియ్యపు కొట్టునకు, బట్టల కొట్టునకు, పిల్లల పుస్తకములకు. ఆ పోరాటము వెంబడియే దినమున కొక్క రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపు సంఘములు నెల్లూరు జిల్లాలో బలపడెను. ఆ 1992లోనే నాబార్డువారు ఇట్టి సంఘములను బ్యాంకులతో జతపరచు ప్రయోగమును దేశములో ఆరంభించిరి. అంతవరకు బ్యాంకు గుమ్మము త్రొక్కని స్త్రీకి పాసుపుస్తకము వచ్చెను. ఆ పుస్తకము కలిగినప్పుడు ఆమె వర్తకుని దృష్టిలో "ఫలానావాని భార్య" యను పేరును దాటి, స్వయముగా ఒక ఖాతాదారు అయినది.

దీనిని కనిపెట్టినవారు హిందూస్థాన్ లీవరు కంపెనీవారు. రెండువేల లోపు జనాభా గల చిన్న పల్లెలకు తమ సరుకుల బండి పంపినచో దారి ఖర్చులు సైతము రావు. మరి ఆ పల్లెలను విడిచిపెట్టుటా? 2000-2001 ప్రాంతమున వారు నల్లగొండ జిల్లాలో ఏబది గ్రామములను తీసికొని, పొదుపు సంఘములలోని స్త్రీలచేతనే సబ్బులు, నూనెలు, టీపొడి మొదలైనవి ఇంటింటికి అమ్మించు పద్ధతిని ప్రారంభించిరి. దానికి "శక్తి" యని పేరిడిరి. సంఘమునుండి అప్పు తీసికొని ఆమె సరుకు కొనును. వచ్చిన లాభము ఆమెది. మగవాడు లోనికి పోలేని వంటయింటి గడప వరకు ఆమె పోగలదు. ఏ యింట ఏ సబ్బు నిండుకొన్నదో ఆమెకు తెలియును. ఆ పద్ధతి నల్లగొండ దాటి దేశమున అనేక రాష్ట్రములకు వ్యాపించి, వేలకొలది స్త్రీలకు జీవనమైనది. పెద్ద కంపెనీ మన పల్లెటూరి స్త్రీల వద్ద ఈ పాఠము నేర్చుకొని లాభపడగా, ఆ యూరిలోనే పుట్టిన మన పిల్లవాడు నేర్చుకొనకపోవుట చింతింపదగినది.

ఇంకను ఎవ్వరును సరిగా ముట్టని బేరము ఒకటి మీ పొలములలోనే కలదు. నాటు వేయువారు స్త్రీలు. కలుపు తీయువారు స్త్రీలు. ప్రత్తి యేరువారు, మిరపకాయలు కోయువారు చాలవరకు స్త్రీలే. కాని కొడవలి పిడి యెవరి చేతి కొలతకు చేయబడినది? కలుపు తీయు పనిముట్టు కర్ర పొడవు ఎవరి యెత్తునకు తగినది? కొనునది రైతు, అమ్మునది మరియొక మగవాడు, వాడునది మాత్రము ఆ యిరువురును అడుగని మూడవ మనిషి. భోపాలులోని కేంద్ర వ్యవసాయ యంత్రశాస్త్ర సంస్థవారు స్త్రీల దేహపు కొలతలకు తగిన పనిముట్లను రూపొందించియున్నారు. భువనేశ్వరములో వ్యవసాయ స్త్రీల కొరకే ఒక కేంద్ర పరిశోధన సంస్థ 1996లో ఏర్పడినది. అయినను మన మండల కేంద్రములోని ఇనుప సామాను కొట్టునకు పోయి, "ఆడవారి చేతికి తగిన కొడవలి యున్నదా?" అని అడిగినచో, కొట్టువాడు మన ముఖము వంక వింతగా చూచును. ఆ వింతచూపులోనే ఒక తెలివైన కుర్రవాని భవిష్యత్తు దాగియున్నది. పది మంది కూలి స్త్రీలను కూర్చుండబెట్టి, ఏ పిడి వలన అరచేయి బొబ్బలెక్కుచున్నదో విని, ఊరి కమ్మరిచేత మార్పించి అమ్మువానికి పోటీదారుడు లేడు.

ప్రయాణ సౌకర్యములును మారినవి. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు ప్రభుత్వ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ఏర్పడినది. దీని మంచిచెడ్డలను గూర్చి మీరు రచ్చబండపై వాదించుకొనుడు; అది నా ప్రసంగ విషయము కాదు. వర్తకుడు గ్రహింపవలసిన దేమనగా, బస్సు ఖర్చునకు మగనిని అడుగనక్కరలేని స్త్రీ నాలుగు ఊళ్ల అంగళ్లు చూచి, ధరలు పోల్చి, నచ్చిన చోట కొనగలదు. "మా ఊరిలో మరియొక కొట్టు లేదు, ఎచ్చటికి పోవును?" అను ధీమా ఇక చెల్లదు.

ఇంతవరకు లాభము చెప్పితిని. ఇప్పుడు నష్టమును కూడ చెప్పకున్న నా మాట సగము అబద్ధమగును. స్త్రీలకు అమ్మిన లాభమున్నదని తెలిసిన వెంటనే, ఆమెను దోచుకొనుటకు వచ్చువారును బయలుదేరుదురు. పొదుపు సంఘముల స్త్రీలు అప్పు తప్పక తీర్చుదురని పేరు వచ్చినపుడు, ప్రైవేటు సూక్ష్మఋణ సంస్థలు అనేకములు మన పల్లెలలో దిగినవి. ఒక్క స్త్రీకే మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చెను. ఒక అప్పు తీర్చుటకు వేరొక అప్పు. వారము వారము వసూలు. కట్టలేనిచో ఇంటి యెదుట కూర్చుండి అవమానించుట. తోటి స్త్రీలచేతనే ఒత్తిడి చేయించుట. ఆత్మహత్యల వార్తలు వచ్చినవి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వారిని కట్టడి చేసెను. ఆ పిమ్మట వసూళ్లు నిలిచిపోయి, ఆ సంస్థలే కూలినంత పనియైనది. 2011 జనవరిలో రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం సంఘమువారు, ఒక్క ఋణగ్రహీతకు రెండు సంస్థలకు మించి అప్పు ఇయ్యరాదని సూచించిరి.

సింగరు వాయిదాలకును ఈ వారపు వసూళ్లకును భేదమేమి? వాయిదా రెండింటను కలదు. సింగరు అప్పు వెంట ఇంటికి యంత్రము వచ్చెను. ఆ యంత్రము సంపాదించి అప్పు తీర్చెను. ఇచ్చట అప్పు వెంట అప్పు తప్ప మరేమియు రాలేదు. ఆమె తీర్చగల శక్తిని చూచి అమ్ముట వర్తకము. ఆమె మానమునకు వెరచి యెట్లైన కట్టునని తెలిసి అమ్ముట వేట. వేటగానికి మొదటి యేడు మాంసము దొరకును. పిమ్మట అడవి ఖాళీయగును.

మీ పిల్లలకు చెప్పదగిన కొన్ని మాటలను ఇప్పుడు మనవి చేసెదను. ఇందులో పెద్ద మూలధనము కావలసిన దొక్కటియు లేదు.

ఒకటి, తూకము, ధర. ప్రతి వస్తువుపైనను ధర వ్రాసి యుంచుము. మగవానికొక ధర, ఆడుదానికొక ధర, చదువురానివారికి వేరొక ధర యున్న కొట్టు సంగతి నీళ్ల పంపు కడ ఒక్క పూటలో తేలిపోవును. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" యను సామెత ఇట్టి అంగళ్లను చూచియే పుట్టినది.

రెండు, సరుకు చిన్న పరిమాణము. దినకూలికి పోవు స్త్రీ చేతిలో నెల కొకసారి పెద్ద మొత్తము పడదు. పావుకిలో అడిగినప్పుడు ముఖము చిట్లించువాడు, ఆమె నెలలో ఎనిమిది మారులు వచ్చునని మరచినవాడు.

మూడు, కూర్చుండ చోటు, త్రాగ నీరు, నిలువ మర్యాద. చంకలో బిడ్డతో వచ్చిన తల్లి నిలువలేక తొందరపడి పోవును. కూర్చున్న తల్లి నిదానముగా చూచి కొనును. కొట్టు ముందర పనిలేని పడుచువాండ్ర గుంపు నిలిచియున్నచో, ఆ కొట్టునకు ఆడపిల్లలు రారు. వారి తల్లులును రారు. రెండు సిగరెట్ల బేరమునకై రెండువందల యిండ్ల బేరమును పోగొట్టుకొనరాదు.

నాలుగు, వినుట. "ఆడవారు ఊరక బేరమాడుదురు, పది చూచి ఒకటి కొందురు" అని వర్తకుల ఫిర్యాదు. బేరమాడుట తెలియనితనము వలన వచ్చునది కాదు. ఇంత సొమ్ములో ఇన్ని అవసరములు తీర్చవలెనని మనసులో లెక్క వేసికొని వచ్చినది గనుక ఆమె బేరమాడును. పది చూచునప్పుడు ఆమె అనుమానములేవో అడిగి తెలిసికొనుము. ఆమె తిరస్కరించిన తొమ్మిదింటి కారణములు వ్రాసికొన్నచో, వచ్చే యేడు ఏ సరుకు తేరాదో నీకు ఖర్చు లేకుండ తెలిసిపోవును.

ఐదు, చెడిన సరుకును తిరిగి తీసికొనుట. తిరిగి తెచ్చిన స్త్రీతో తగవులాడినచో ఆ వస్తువు వెల మిగులును, ఆమె పోవును. ఆమెతో ఆమె తోడికోడలును, ఆడుబిడ్డయు, పుట్టింటివారును పోవుదురు. నోరు మంచిదైతే ఊరు మంచిది యన్నారు.

ఆరు, అన్నింటికన్న ముఖ్యము: కొట్టులో ఒక స్త్రీని కూర్చుండబెట్టుము. లోదుస్తులు, నెలసరి గుడ్డలు, బాలింత సామానులు మగవానిని అడిగి కొనుటకు మన ఆడపడుచులు నేటికిని సిగ్గుపడుదురు. కాగితములో చుట్టి యిచ్చునప్పుడు అతడును సిగ్గుపడును. ఆ రెండు సిగ్గుల నడుమ ఒక పెద్ద బేరము పోవుచున్నది. ఆరోగ్యము సైతము చెడుచున్నది. పరాయి స్త్రీని జీతమునకు పెట్టనక్కరలేదు. చదువుకొన్న కోడలు ఇంటనే యున్నది గదా!

పెద్దలారా, ఇచ్చటనే నా మనవి మీ గడపకు వచ్చుచున్నది. కొడుకు అంగడి పెట్టెదనని వచ్చినప్పుడు మీరు ఎన్ని ప్రశ్నలు వేయుదురో నాకు తెలియును. అద్దె యెంత? సరుకు ఎచ్చటినుండి? అప్పు వడ్డీ యెంత? ఈ ప్రశ్నలన్నియు సరియైనవే. వీనితో ఒక ప్రశ్నను చేర్చుడు: "నీ తల్లిని అడిగితివా? నీ భార్యను అడిగితివా? ఈ వీథిలోని పది మంది ఆడవారిని, ఇప్పటి కొట్టులో వారికి లోటేమి యని అడిగితివా?" అతడు "అడుగలేదు" అనినచో, కాగితముపై వ్రాలు చేయుటకు ఒక వారము ఆగుడు. ఆ వారములో అతడు అడిగి తెలిసికొని వచ్చునది, బ్యాంకు మేనేజరు చెప్పు లెక్కలకన్న విలువైనది.

అడుగవలసిన పద్ధతిని కూడ మీరే చూపగలరు. పంచలో మీరు కూర్చుండి, లోపలినుండి ఆమెను పిలిచి, ఆమెను కూడ కూర్చుండుమనుడు. తలుపు చాటునుండి చెప్పు సలహా సగమే వినబడును. ఎదుట కూర్చుండి చెప్పిన సలహాలో ధరలుండును, పేర్లుండును, ఎవరి యింట ఏమి కావలెనో ఉండును. ముప్పది యేండ్లు సంసారపు పద్దు తలలో వ్రాసికొన్న మనిషి ఆమె.

మా అమ్మ ఆ దినమున అడిగినది ఒక్క మాట: "ఈ రంగు నిలుచునా?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన ముసలివాడు తన కొట్టును తన కుమారునికి, అతడు తన కుమారునికి అప్పగించిరి. మీ పిల్లల అంగడి గుమ్మమున కూడ రేపు ఒక తల్లి నిలిచి అట్టి ప్రశ్నయే అడుగును. ఆ ప్రశ్న వినబడునట్లు వారిని తీర్చిదిద్దవలసినదిగా మిమ్ము ప్రార్థించుచు, నా ప్రసంగమును ముగించుచున్నాను.